బందరు రోడ్డులో కూర్చుని బెర్బెరా కబుర్లు

పోయిన వారం పటమట నుంచి ఒకాయన, వాళ్ళబ్బాయి ఓడ ఆఫ్రికాలో బెర్బెరా అనే రేవుకి వెళ్తోందని కంగారు పడుతూ రాస్తే, అదేం అడివి కాదు లెండి, రోమన్ల కాలం నుంచీ ఉన్న రేవు, స్వతంత్రం వచ్చేదాకా అదే రాజధాని అని రెండే రెండు ముక్కలు రాసి ఊరుకున్నాను. ఆ రెండు ముక్కలకి వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజీలు, ఒకావిడైతే ఏకంగా నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్, అన్నీ చూశాక ఈ వారం వేరే ఊసు ఎత్తే చోటు లేదని అర్థమైపోయింది. మోకాళ్ళ నొప్పులు, ఇంటి పన్ను గురించి అడిగినవాళ్ళు ఒక్క వారం ఓపిక పట్టండి.

ప్రశ్న: మాస్టారూ, మళ్ళీ నేనే. అసలది ఏ దేశం? ఒకడు సోమాలియా అంటాడు, ఒకడు సోమాలిలాండ్ అంటాడు. పైరేట్ల భయం ఉందా లేదా? (పటమట, విజయవాడ)

జవాబు: ఇద్దరూ చెప్పింది నిజమే, చిక్కంతా అక్కడే ఉంది. ఐక్యరాజ్యసమితి లెక్కలో అది సోమాలియా. కానీ 1991 మే 18న ఉత్తరం వైపు వాళ్ళు మా దారి మాదే అని సోమాలిలాండ్ పేరుతో విడిపోయినట్టు ప్రకటించుకున్నారు. సొంత కరెన్సీ, సొంత పోలీసులు, సొంత ఎన్నికలు అన్నీ ఉన్నాయి, బయట దేశాలు దాదాపు ఏవీ గుర్తించకపోయినా ముప్పై ఏళ్ళకి పైగా వాళ్ళ సంసారం వాళ్ళు ఈదుకొస్తున్నారు. రాజధాని హర్గేసా లోపల ఎత్తు మీద ఉంటుంది, బెర్బెరా కింద ఏడెన్ గల్ఫ్ ఒడ్డున, నీళ్ళకి అవతలి గట్టున యెమెన్.

పైరేట్ల సంగతి: మనం పేపర్లో చదివిన ఐల్, హొబ్యో లాంటి అడ్డాలు అటు తూర్పు తీరంలో, హిందూ మహాసముద్రం వైపు ఉన్నాయి. 2024 మార్చిలో మన నేవీ వాళ్ళ ఐఎన్ఎస్ కోల్‌కతా 35 మందిని పట్టుకుని ముంబై తీసుకొచ్చింది చూడండి, అదీ ఆ పక్క కథే. కాబట్టి భయమంటూ ఉంటే దారిలోనే గానీ బెర్బెరా రేవులో కాదు, దారిలో ఏం చెయ్యాలో ఓడ వాళ్ళకి మనకంటే బాగా తెలుసు.

ప్రశ్న: రోమన్ల కాలం అన్నారు, ఆధారం ఏంటి సార్? గ్రూప్స్‌కి చదువుతున్నాను, రాసుకుంటాను. (అరండల్‌పేట, గుంటూరు)

జవాబు: రాసుకో నాన్నా, ఇది నీకు రెండు విధాలా పనికొస్తుంది. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో ఈజిప్టులో ఉండే ఒక గ్రీకు వర్తకుడు, పేరు మనకి మిగల్లేదు, ఎర్ర సముద్రం మీద వ్యాపారానికి పోయేవాళ్ళ కోసం ఒక గైడ్ లాంటిది రాశాడు, పెరిప్లస్ ఆఫ్ ది ఎరిత్రియన్ సీ అంటారు దాన్ని. ఏ రేవులో ఏం దొరుకుతుంది, ఏం పట్టుకెళ్తే అమ్ముడవుద్ది, ఎక్కడి జనం మంచోళ్ళు, ఎక్కడ జాగ్రత్త, అన్నీ ఉంటాయి అందులో. దాన్లో మలావో అనే రేవు వస్తుంది, అదే ఇప్పటి బెర్బెరా అని ఎక్కువమంది చరిత్రకారుల మాట. తూర్పు నుంచి సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఇసుక మేట అడ్డుగా ఉండి ఓడలకి కాస్త నీడనిస్తుంది అని రాశాడాయన, ఆ ఇసుక చెయ్యి ఇప్పటికీ మ్యాపులో కనపడుతుంది, ఫోన్లో శాటిలైట్ మ్యాప్ తెరిచి చూడు, ఊరి ముందు సన్నగా వంక తిరిగిన చెయ్యిలా ఉంటుంది. ఆ తీరంలో మిగతా రేవుల్లాగా నడి సముద్రానికి ఎదురొడ్డి నిలబడకుండా ఓడ లోపలికొచ్చి లంగరేసుకోవచ్చు. రెండు వేల ఏళ్ళుగా ఆ ఊరికి అదే పెట్టుబడి.

ఇంక రెండో విషయం, ఇది మన పరీక్షల వాళ్ళు అడిగే టైపు. అదే పుస్తకం చివర్లో మసాలియా అనే ప్రాంతం గురించి కూడా ఉంది, అక్కడ మస్లిన్ గుడ్డ విపరీతంగా నేస్తారు అని. మసాలియా అంటే మన మచిలీపట్నం వైపు కృష్ణా తీరం. అంటే ఒకే వర్తకుడు ఒకే పుస్తకంలో బెర్బెరా గురించీ రాశాడు, మన బందరు గురించీ రాశాడు. నేను ఇది మొదటిసారి చదివింది బెజవాడలో బందరు రోడ్డు మీద ఒక లైబ్రరీ బల్ల దగ్గర, కాసేపు బయటికెళ్ళి టీ తాగొచ్చి మళ్ళీ చదివాను.

ప్రశ్న: అన్నయ్య గారూ, మా మామయ్య గారు బాలింత బోళం ఆఫ్రికా నుంచి వస్తుంది అనేవారు. మీరు చెప్పే ఊరు అదేనా? సాంబ్రాణి కూడా అక్కడిదేనా? (తెనాలి)

జవాబు: అమ్మా, మీ మామయ్య గారు కరెక్టుగా చెప్పారు. బోళం అంటే ఒక ముళ్ళ చెట్టు బంకే. సోమాలియా, ఇథియోపియా, యెమెన్, ఆ ఎండు నేలల్లో పెరుగుతుంది. నేను ఈ ప్రశ్న కోసమే మొన్న వన్ టౌన్‌లో ఒక పాత మూలికల కొట్టుకి వెళ్ళాను. పెద్దాయన పై అరలోంచి ఒక రేకు డబ్బా దించి, మూత తీయడానికి స్క్రూడ్రైవర్ పెట్టాల్సొచ్చింది, అంత కాలంగా ఎవరూ అడగలేదంట. లోపల ఎర్రగా గోధుమరంగులో ఉండలు, పైన బూడిద పట్టినట్టు దుమ్ము. ఒక ఉండ గోరుతో విరిచి నా ముక్కు దగ్గర పెట్టాడు, కాస్త చేదు వాసన, కాస్త కర్పూరం లాంటి వాసన, మా అమ్మమ్మ గది వాసన. మా నాన్న రోజుల్లో దీన్ని ఏడెన్ సరుకు అనేవాళ్ళండీ అన్నాడు. అవును మరి, బెర్బెరా సరుకు చాలావరకు ఎదురుగా యెమెన్ ఒడ్డున ఉన్న ఏడెన్ దాటి, అక్కణ్ణించి బొంబాయి వచ్చేది, దారిలో పేరు కూడా ఏడెన్‌దే అంటుకుంది. పాపం బెర్బెరాకి పేరు రాలేదు.

సాంబ్రాణి సంగతి కొంచెం మెలిక. మన ఇళ్ళల్లో పిల్లలకి తలంటి వేసే సాంబ్రాణి ఎక్కువగా సుమత్రా వైపు నుంచి వచ్చే వేరే చెట్టు బంక. సోమాలీ కొండల్లో దొరికేది దానికి వరసకి తమ్ముడు లాంటిది, ఇంగ్లీషులో ఫ్రాంకిన్సెన్స్ అంటారు. చర్చికి వెళ్ళేవాళ్ళకి తేలిగ్గా చెప్పాలంటే, తూర్పు జ్ఞానులు తెచ్చిన బంగారం, సాంబ్రాణి, బోళం ఉన్నాయి కదా, ఆ మూడింట్లో చివరి రెండూ పుట్టే ఇల్లు ఇదే. చెట్టు బెరడు మీద గాటు పెట్టి వదిలేస్తారు, పాలలాగా కారి కన్నీటి బొట్టులాగా గట్టిపడుతుంది, మళ్ళీ వచ్చి గీక్కుంటారు. మలావోలో ఏం దొరుకుతుందో రాస్తూ ఆ గ్రీకాయన కూడా ఈ రెండింటి పేర్లూ చెప్పాడు. ఒక్క మాట, బాలింతలకి బోళం పెట్టే ముందు డాక్టర్ని అడగండి, అమ్మమ్మలు పెట్టారని మనం పెట్టెయ్యక్కర్లేదు.

ప్రశ్న: సార్, నేను మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేస్తాను. ఆ రోజుల్లో రేవులో వ్యాపారం ఎట్టా జరిగేది? ఎవరు ఎవర్ని నమ్మేవాళ్ళు? బ్యాంకులు లేవు, పోలీసు లేడు కదా. (గుంటూరు)

జవాబు: ఈ కట్టలో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇదే, కొంచెం సాగదీస్తాను, ఏమనుకోవద్దు.

19వ శతాబ్దం మధ్య దాకా బెర్బెరా అనేది ఊరు కాదండి, సంత. నిజంగానే. అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా ఊరు, మిగతా నెలల్లో ఖాళీ ఇసుక. మే వచ్చేసరికి నైరుతి గాలి మొదలవుద్ది, దాన్ని వాళ్ళు ఖరీఫ్ అంటారు, మనం పంటకి వాడే ఖరీఫే, మాట అరబ్బీ, అదే గాలి మనకి వానలు తెస్తుంది, వాళ్ళకి మాత్రం కొండల మీంచి దిగేసరికి వేడి దుమ్ము. ఆ గాలికి నిలబడలేక అందరూ గుడిసెలు విప్పేసి, చాపలు ఒంటెల మీదేసుకుని కొండలకి పోయేవాళ్ళు, గుంజలు మాత్రం మళ్ళీ ఏటికి అని ఒడ్డున పేర్చి పెట్టేవాళ్ళు. క్రటెండెన్ అని ఏడెన్‌లో ఉన్న ఇంగ్లీషు అధికారి ఒకడు 1840ల్లో చూసి రాశాడు: సంత అయిపోయిన వారానికి వెళ్తే ఇరవై వేల మంది ఉన్న ఊరి ఆనవాలు లేదు, కోసిన ఒంటెల, గొర్రెల ఎముకలు తప్ప, ఒడ్డున ఏడు నిప్పుకోళ్ళు నింపాదిగా నడుచుకుంటూ పోతున్నాయి అని. నీళ్ళ బావుల దగ్గరికి సింహాలు వచ్చేవంట. ఏడు అని లెక్కపెట్టి మరీ రాశాడు, ఆయన దగ్గర నాకు నచ్చింది అదే.

మళ్ళీ అక్టోబర్‌లో గాలి తిరిగేసరికి ఒంటెల బిడారులు దిగేవి. లోపలి ఊళ్ళనుంచి నెయ్యి, తోళ్ళు, బంకలు, నిప్పుకోడి ఈకలు, ఇప్పటి ఇథియోపియాలోని హరార్ నుంచి కాఫీ, ఏనుగు దంతం, మనుషుల్ని కూడా అమ్మకానికి తెచ్చేవాళ్ళు, అది దాచడానికేం లేదు. సముద్రం వైపు నుంచి మస్కట్, బస్రా, యెమెన్ పడవలు, వాటితో పాటు మన పోరుబందరు, మాండ్వీ, బొంబాయి బనియా వర్తకులు. బనియాల పడవల్ని కోటియాలు అనేవాళ్ళు, లావుపాటి పడవలు, వెనక పక్కల ఖాళీ నెయ్యి జాడీలు వరసగా వేలాడేసుకుని రేవులో ముందు వరస పట్టేసేవాళ్ళు. వీళ్ళు తెచ్చే సరుకు గుడ్డలు, బియ్యం, ఖర్జూరం, ఇనుము, పూసలు. పెట్టుబడి బనియాలదే ఎక్కువ కాబట్టి మిగతావాళ్ళు వాళ్ళ ముందు తట్టుకోలేకపోయేవాళ్ళంట, ఇది వింటే మీకు కొత్తగా ఏం అనిపించదు.

ఇప్పుడు అసలు సంగతి, నమ్మకం. పరాయి వర్తకుడు ఎవడైనా సరే పడవ దిగీ దిగగానే అక్కడి తెగవాడు ఒకణ్ణి అబ్బాన్‌గా పెట్టుకోవాలి. అబ్బాన్ లేకుండా అడుగు పెట్టడానికి లేదు. ఈ అబ్బాన్ ఎవరంటే మీరే. అంటే కమీషన్ ఏజెంటు, దుబాసీ, కాపలా, పూచీ, నలుగురూ ఒక్కడే అన్నమాట. ప్రతి బేరం మీద ఇంత అని కమీషన్, ఉన్నన్నాళ్ళూ తిండి, బస వర్తకుడి ఖర్చే, పైన చిన్న చిన్న కానుకలు. దానికి బదులు వర్తకుడికి ఏ గొడవొచ్చినా అబ్బాన్ తీర్చాలి, తీరకపోతే తన సొంత మనుషుల మీదే ఈటె పట్టుకోవాలి. ఆ గొడవలో అబ్బాన్ చచ్చిపోతే వాళ్ళ తెగ మొత్తం ఆ పగ మోయాలి. కమీషన్ ఎందుకింత అని ఎవరైనా అడిగితే చూపించుకోడానికి ఇది అని ఉండేది వాళ్ళకి. మీ యార్డులో రైతుకి అడ్వాన్స్ ఇవ్వడం, ఎండాకాలం ఇంటికి పిలిచి కాఫీ పొయ్యడం దాకా ఉంది గానీ ఈటెల దాకా వెళ్ళలేదు, అందుకు సంతోషించండి.

రాజు లేడు, కోట లేదు, పన్ను వేసేవాడు లేడు, అయినా ఏటా ఆర్నెల్లు అంత సంత నడిచిందంటే ఈ ఒక్క ఏర్పాటు మీదే నడిచింది. అయితే అంతా సాఫీ అని కాదు, రేవు మీద అబ్బాన్ పని ఏ శాఖ వాళ్ళకి దక్కాలి అనే దాని మీద వాళ్ళలో వాళ్ళకి పెద్ద తగువులు, చంపుకోవడాలు కూడా అయ్యాయి. కమీషన్ ఉన్న చోట తప్పదు.

ప్రశ్న: ఇంగ్లీషువాళ్ళకి ఆ ఇసుకతో ఏం పని పడింది? (మొగల్రాజపురం, విజయవాడ)

జవాబు: మటన్. నవ్వకండి. 1839లో వాళ్ళు ఏడెన్ పట్టుకున్నారు, అదొక రాతి గుట్ట, గడ్డి కూడా మొలవదు, అక్కడున్న సిపాయిలకి మాంసం ఎక్కణ్ణించి? ఎదురు గట్టు బెర్బెరా నుంచి. ఆ తీరాన్ని ఏడెన్ వాడి కటికి కొట్టు అని వాళ్ళే అనుకునేవాళ్ళు.

వాళ్ళు బెర్బెరాలో వచ్చి కూర్చోక ముందు ఒక గొడవ ఉంది. రిచర్డ్ బర్టన్ అని ఈస్టిండియా కంపెనీ బొంబాయి సైన్యంలో ఆఫీసరు, పఠాను వేషం వేసుకుని మక్కా వెళ్ళొచ్చిన ఆయన, 1855 ఏప్రిల్‌లో సంత ముగిసే టైముకి ముగ్గురు తోటి ఆఫీసర్లతో బెర్బెరా ఒడ్డున డేరాలు వేసుకున్నాడు. రాత్రి పూట సోమాలీలు వచ్చిపడ్డారు. స్ట్రోయన్ అనే ఆయన అక్కడే పోయాడు, స్పీక్ అనే ఆయన, తర్వాత నైలు నది పుట్టిన చోటు కనిపెట్టిన స్పీకే, పదకొండు పోట్లతో పారిపోయి బతికాడు, బర్టన్‌కి ఈటె ఒక బుగ్గలోంచి దూసి రెండో బుగ్గలోంచి వచ్చింది, నాలుగు పళ్ళు పోయాయి. ఆ మచ్చ ఆయన ఫొటోల్లో చచ్చేదాకా ఉంది. దానికి శిక్షగా కంపెనీ వాళ్ళు ఆ తీరానికి పడవలు వెళ్ళకుండా అడ్డగించారు, అంటే ఒక సీజన్ సంత పోయింది. అదే 1855లో ఇక్కడ మన బెజవాడలో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది, ఒకే కంపెనీ ఖాతాలో రెండు పద్దులు.

తర్వాత 1870ల్లో ఈజిప్టు వాళ్ళు వచ్చి కూర్చున్నారు, దీపస్తంభం కట్టారు, దుబార్ అనే ఊట నుంచి మంచినీళ్ళు రేవు దాకా తెచ్చారు, నా లెక్కలో బెర్బెరా సంత నుంచి ఊరు అయ్యింది ఆ నీళ్ళతోనే. 1884లో సుడాన్‌లో తిరుగుబాటు వల్ల ఈజిప్టు వాళ్ళు మూటా ముల్లె సర్దుకుంటే బ్రిటిష్‌వాళ్ళు వచ్చి కూర్చున్నారు. మనకి కావల్సిన ముక్క ఏంటంటే, 1898 దాకా ఆ బ్రిటిష్ సోమాలిలాండ్‌ని నడిపింది లండన్ కాదు, ఇండియా ప్రభుత్వం, ఏడెన్ మీదుగా. అక్కడ చెల్లింది మన రూపాయి, అదీ 1941 దాకా. 1940 ఆగస్టులో ఇటలీ వాళ్ళు బెర్బెరా లాక్కుంటే 1941 మార్చి 16న తిరిగి పట్టుకోడానికి తెల్లారుజామున ఒడ్డున దిగిన దళాల్లో మన పంజాబ్ రెజిమెంట్ల వాళ్ళున్నారు. మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క లైను కూడా లేదు దీని గురించి, ఎందుకు లేదో నేను పాఠం చెప్పిన రోజుల్లో కూడా నాకు అర్థం కాలేదు.

ప్రశ్న: అంత చిన్న ఊళ్ళో ఆఫ్రికాలోనే పెద్ద రన్‌వేల్లో ఒకటి ఉందంట, నిజమా? (గన్నవరం)

జవాబు: నిజమే, 4 కిలోమీటర్లు దాటి ఉంటుంది, మీ గన్నవరం రన్‌వే పెంచాక కూడా దానికంటే చిన్నదే. కట్టింది రష్యావాళ్ళు. 1960ల చివర్లో లోతు రేవూ వాళ్ళే కట్టారు. 1977లో సోమాలియా ఇథియోపియా మీదికి యుద్ధానికి పోతే రష్యా ఇథియోపియా పక్కకి తిరిగింది, ఆ కోపంతో సోమాలియా అధ్యక్షుడు సియాద్ బర్రే రష్యావాళ్ళని వెళ్ళగొట్టాడు, 1980లో అమెరికావాళ్ళు వచ్చి అదే రన్‌వే వాడుకున్నారు. అంతరిక్షం నుంచి స్పేస్ షటిల్ ఎప్పుడైనా అర్జెంటుగా దిగాల్సొస్తే ఉండనీ అని నాసా కూడా ఆ లిస్టులో పెట్టుకుంది. ఒక్కసారీ దిగలేదు.

ప్రశ్న: మాది జీవాల వ్యాపారం. అక్కణ్ణించి ఏటా లక్షల్లో గొర్రెలు, మేకలు పోతాయని యూట్యూబ్‌లో చూశా. అన్ని జీవాలు ఎడారిలో ఎట్టా బతుకుతాయి? లాభం ఉంటదా? (నరసరావుపేట)

జవాబు: లక్షల్లోనే. 2015లో మొత్తం సోమాలియా నుంచి గల్ఫ్ దేశాలకి పోయినవి 53 లక్షల జీవాలని ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ ఎఫ్ఏవో లెక్క, అందులో బెర్బెరాది పెద్ద వాటా. బెర్బెరా గొర్రె అని పేరే ఉంది, ఒళ్ళంతా తెలుపు, తల ఒక్కటే బొగ్గు నలుపు, తోక దగ్గర కొవ్వు మూట. నెల్లూరు జోడిపికి మూతి దగ్గర, కళ్ళ దగ్గర నల్ల మచ్చలు చూసుంటారు, దీనికి మెడ దాకా ముంచినట్టు ఉంటుంది. ఆ కొవ్వు మూటే దాని టిఫిన్ బాక్సు, మేత లేని రోజుల్లో అది కరిగించుకుని బతుకుద్ది.

చాలా జీవాలు సముద్రం దగ్గరివి కావు, లోపల పచ్చిక మైదానాల నుంచి, ఇథియోపియా సోమాలీ ప్రాంతం నుంచి కూడా నడిపించుకుని, లారీల్లో ఎక్కించుకుని వస్తాయి. అసలు సీజను హజ్ యాత్ర. మక్కాలో ఖుర్బానీకి కావల్సిన జీవాలు ఆ కొద్ది వారాల్లో ఓడలెక్కాలి. ఇక్కడొక తిరకాసు, హజ్ చాంద్రమాన లెక్క కదా, ఏటా ఓ పదకొండు రోజులు ముందుకి జరుగుతుంది, కొన్నేళ్ళు చల్లటి కాలంలో పడుద్ది, కొన్నేళ్ళు సరిగ్గా ఆ ఖరీఫ్ గాలిలో పడుద్ది, అప్పుడు జీవాలకి నీళ్ళు పెట్టలేక వ్యాపారి ప్రాణం పోతుంది.

లాభం ఉంటుంది, కొనేవాడు తలుపు వేసేదాకా. 1997-98లో అటువైపు రిఫ్ట్ వ్యాలీ జ్వరం వచ్చింది, జీవాల నుంచి మనుషులకి అంటే జబ్బు, సౌదీవాళ్ళు 1998లో ఒకసారి ఆపేశారు, 2000లో మళ్ళీ ఆపి 2009 దాకా తియ్యలేదు. తొమ్మిదేళ్ళు! మీ సరుకంతా ఒక్క సంతకే పోతూ ఆ సంత తొమ్మిదేళ్ళు మూస్తే ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. చివరికి బెర్బెరాలోనే క్వారంటైన్ దొడ్లు కట్టి, రక్తం పరీక్షలు చేసి, చెవికి ట్యాగు వేసి పంపిస్తే గానీ తలుపు తెరుచుకోలేదు.

ప్రశ్న: మాది బందరు, ఉద్యోగం బెజవాడలో. ఎక్కడో గుర్తింపు లేని దేశంలో దుబాయ్ కంపెనీ వచ్చి పోర్టు కట్టేసింది అంటున్నారు. మా బందరు పోర్టు అని నా చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నా. వాళ్ళకున్నది మాకు లేనిది ఏంటి? (పేరు వద్దన్నారు)

జవాబు: పేరు వద్దన్నా మీ బాధలో నాకూ వాటా ఉంది, మా అమ్మ వాళ్ళది చిలకలపూడి.

ముందు వాళ్ళ సంగతి. 2016లో డీపీ వరల్డ్ అనే దుబాయ్ కంపెనీ 30 ఏళ్ళకి 44 కోట్ల 20 లక్షల డాలర్ల ఒప్పందం రాసుకుంది. 2021 జూన్‌లో కొత్త టెర్మినల్ తెరిచారు, 400 మీటర్ల గట్టు, 17 మీటర్ల లోతు, ఏటా 5 లక్షల కంటెయినర్లు దింపే తాహతు, అంతకు ముందు లక్షన్నర. బెర్బెరా నుంచి ఇథియోపియా సరిహద్దు వాజాలే దాకా రోడ్డు కూడా వేశారు. ఇందులో నాకు ముఖ్యమైంది క్రేన్లు కాదు, ఆ రోడ్డు.

రేవుకి ముందు సముద్రం అందరికీ ఉంటుందండి, వెనకాల ఏముంది అన్నదే లెక్క. మన బందరుకి ఒకప్పుడు వెనకాల గోల్కొండ ఉంది, నేతగాళ్ళ ఊళ్ళున్నాయి, అందుకే 1611లో ఇంగ్లీషువాళ్ళు, అంతకు కొంచెం ముందు డచ్చివాళ్ళు వచ్చి కాళ్ళ మీద పడ్డారు. అసలు బందర్ అంటేనే ఫార్సీ భాషలో రేవు, మనం రేవు రోడ్డు అనే రోడ్డుకి పక్కనే కూర్చుని రేవు లేదు అని ఏడుస్తున్నాం. సముద్రం మాత్రం బందరుకి ఎప్పుడూ కలిసి రాలేదు, కృష్ణ తెచ్చిన ఒండ్రుతో ఒడ్డున లోతు లేక ఓడలు దూరంగా ఆగేవి, పడవల్లో సరుకు మోసుకొచ్చేవాళ్ళు, అయినా నడిచింది, వెనకాల గుడ్డలు ఉన్నాయి కాబట్టి. ఇంగ్లండు మర మగ్గాలు ఆ గుడ్డని చంపాయి, 1864 ఉప్పెన ఒక్క రాత్రిలో 30 వేల మందిని పొట్టన పెట్టుకుంది, రైలేమో బెజవాడకి ముందొచ్చింది, బందరుకి తీరిగ్గా వచ్చింది, 1933లో విశాఖ హార్బర్ తెరిచారు. వెనకాల ఉన్నదంతా పక్కకి తిరిగిపోయింది.

బెర్బెరాకి వెనకాల ఇథియోపియా ఉంది, పది కోట్లు దాటిన జనం, 1993లో ఎరిత్రియా విడిపోయాక ఒక్క గజం సముద్రం లేదు. ఆ సరుకులో పదింట తొమ్మిది వంతులు పక్కనున్న జిబూతి మీదే పోతుంది. అందులో ఒక వంతో, రెండు వంతులో ఇటు తిప్పుకుంటే చాలు అని బెర్బెరా ఆశ. 2018లో ఇథియోపియాకి పోర్టులో 19 శాతం వాటా ఇస్తామన్నారు, షరతులు నెరవేర్చలేదని 2022లో పోయింది. 2024 జనవరి 1న సముద్రం ఒడ్డు కౌలుకిచ్చే ఇంకో కాగితం మీద సంతకాలయ్యాయి, దాని మీద సోమాలియా రాజధాని మొగదీషు భగ్గుమంది. కాబట్టి వాళ్ళ కథ కూడా గట్టెక్కిందని నేననను, గట్టు రెడీగా ఉంది, లారీలు నిండుగా రావాలి.

ఇంకోటి కూడా వాళ్ళకుంది, మనం మెచ్చుకోవాల్సింది. 1988లో అంతర్యుద్ధంలో హర్గేసా బాంబులకి నేలమట్టమైంది, 1992లో బెర్బెరా పోర్టు సుంకాలు ఎవరివి అని తెగలు కొట్టుకున్నాయి, అదే ఏడాది అక్టోబర్‌లో షేఖ్ అనే కొండ ఊళ్ళో పెద్దమనుషులు కూర్చుని తీర్చుకున్నారు. పోర్టు మీద వచ్చే సుంకమే ఇవాళ్టికీ ఆ సర్కారుకి అన్నం. అబ్బాన్ల కాలం నాటి తగువే అది, కాకపోతే ఈసారి తీరింది.

మన బందరులో 2023లో మళ్ళీ పని మొదలైంది కదా. రాళ్ళ గోడ ఎంత దాకా వచ్చిందో చూడ్డానికి జనం ఆదివారాలు బైకులేసుకుని వెళ్తున్నారు, నేనూ వెళ్ళాను. కానీ నన్నడిగితే గోడ కాదు చూడాల్సింది, మన పల్నాడు సిమెంటు, గుంటూరు మిర్చి, తెలంగాణ సరుకు బందరు రోడ్డెక్కే లెక్క ఎవడైనా కట్టాడా అని.

ప్రశ్న: మీరు పోయిన వారం స్వతంత్రం వచ్చేదాకా బెర్బెరాయే రాజధాని అన్నారు. తప్పు. సరిచేయండి. (రిటైర్డ్ హెడ్మాస్టరు, బ్రాడీపేట)

జవాబు: తప్పే, ఒప్పుకుంటున్నాను సార్. ఇటలీ నుంచి తిరిగి పట్టుకున్నాక 1941లోనే రాజధాని హర్గేసాకి మారింది. స్వతంత్రం 1960 జూన్ 26న, దక్షిణం వాళ్ళతో కలిసింది అయిదు రోజులకి, జులై 1న.

మారడానికి ఎండ కూడా ఒక కారణం అయ్యుంటుంది లెండి. ఇంగ్లీషు దొరలు ఎండాకాలం ఫైళ్ళతో సహా షేఖ్ కొండెక్కేవాళ్ళు, ఊరివాళ్ళు ఇప్పటికీ జూన్ నుంచి కొండలకి, హర్గేసాకి పోతారు, షాపులు సగం మూతపడతాయి. పటమట ఆయన, వాళ్ళబ్బాయి ఓడ జులైలో అక్కడ ఆగుతుందని రాశారు. నాలుగు రోజులు దిగి ఊరు చూద్దాం, అత్తరు కొనుక్కొద్దాం అని ఆశలు పెట్టుకోవద్దనండి, గొర్రెలు, హమాలీలు తప్ప ఎవరూ కనపడరు.